నడుం కింది బాధలకి ఇంటి వైద్యం: ఏది పనిచేస్తది, ఏది లోపలికి పోకూడదు

తెల్లబట్ట అయితే ఎముకలు కరిగిపోతున్నాయని ఒడిశాలోని మా పర్లాకిమిడి వైపు ఇప్పటికీ గట్టిగా నమ్మేవాళ్ళున్నారు, అటు పాతపట్నం టెక్కలి వెళ్ళినా ఇదే మాట, ఇటు గుణుపూర్ వచ్చినా ఇదే మాట. ఎముక ఎక్కడా కరగదండి. యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మంచి బాక్టీరియా ఉంటది, జర్మనీ డాక్టర్ ఆల్బర్ట్ డోడర్లైన్ 1892లోనే దీని గురించి రాశాడు. అది లాక్టిక్ యాసిడ్ తయారుచేసి అక్కడి పీహెచ్‌ని, అంటే పులుపు ఎంతుందో చెప్పే కొలతని, సుమారు 3.8 నుంచి 4.5 మధ్య ఉంచుతుంది, ఆ పులుపులో మిగతా క్రిములు అంత తేలిగ్గా పెరగలేవు. కాబట్టి రోజూ కొంచెం తెల్లగా అవడం, నెల మధ్యలో జిగురుగా ఎక్కువవడం మామూలే, దానికి మందే అక్కర్లేదు. దురద పెట్టి ముక్కలు ముక్కలుగా పడినా, చేపల వాసన వచ్చినా, పచ్చగా అయినా, అందులో రక్తం కలిసినా అప్పుడు చూపించుకోవాలి.

గొడవంతా ఎక్కడొస్తదంటే, మామూలుగా అయ్యేదాన్ని కూడా రోగం అనుకుని పటిక నీళ్ళతో లోపల కడగడం, డెటాల్ కలిపి కడగడం, వేరు నూరి గుడ్డలో కట్టి లోపల పెట్టడం. ఇవన్నీ చేస్తే ఆ పులుపు పోతుంది, మంచి బాక్టీరియా పోతుంది, లేని జబ్బు కొత్తగా వస్తుంది. లోపల కడుక్కునే అలవాటున్నవాళ్ళలో బాక్టీరియల్ వజైనోసిస్ (మంచి బాక్టీరియా తగ్గి వేరేవి పెరిగిపోవడం), గర్భసంచి చుట్టుపక్కల ఇన్ఫెక్షన్లు ఎక్కువని చాలా పరిశోధనల్లో కనిపించింది. బయట మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలు, లోపలి భాగం తనని తానే శుభ్రం చేసుకుంటది. పఖాళ తింటే, అదే మన చద్దన్నం, అందులో మంచి బాక్టీరియా ఉంటది కదా తెల్లబట్ట తగ్గిపోతది అని ఈమధ్య వీడియోల్లో చెప్తున్నారు. పఖాళ నాకూ ఇష్టమే, ఎండాకాలం దాన్ని మించింది లేదు, కానీ కడుపులోకి వెళ్ళిన బాక్టీరియా అంతా యోనిలోకి చేరి కాపురం పెడతదని మాత్రం రుజువు కాలేదు.

ఇంటి వైద్యం అంటే అంతా మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. నెలసరి నొప్పికి కాపడం సంగతే చూడండి. పొయ్యి మీద ఇటుక ముక్క వేడిచేసి పాత చీర ముక్కలో చుట్టి పొత్తికడుపు మీద పెడతారు, లేదంటే కళ్ళుప్పు వేయించి మూట కడతారు. ముట్టు సమయంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు విడుదలై గర్భసంచి కండరాన్ని గట్టిగా బిగిస్తాయి, ఆ బిగువుకి రక్తనాళాలు నలిగి రక్తం సరిగ్గా అందక నొప్పి పుడుతుంది. వేడి తగిలితే కండరం సడలుతుంది, రక్తం ఆడుతుంది. 2001లో అమెరికాలో సుమారు 39 డిగ్రీల వేడి ఇచ్చే పట్టీని ఒక గుంపుకి పెట్టి, ఇంకో గుంపుకి ఐబుప్రోఫెన్ అనే నొప్పి మాత్ర 400 మిల్లీగ్రాములు ఇచ్చి పోల్చి చూస్తే రెండూ ఇంచుమించు ఒకేలా పనిచేశాయి. శొంఠి మీద కూడా చిన్న చిన్న ట్రయల్స్ చాలానే జరిగాయి, ముట్టు మొదటి మూడు నాలుగు రోజులు పొడి తీసుకున్నవాళ్ళకి నొప్పి తగ్గిందనే వచ్చింది. వాము కషాయానికి అంత బలమైన రుజువు లేదు గానీ వేడివేడిగా తాగితే పోయేదేం లేదు. ఒక్కటే చూసుకోవాలి, ఏటికేడాది నొప్పి పెరుగుతూ పోతుంటే, మామూలు రోజుల్లో కూడా ఉంటుంటే, భర్తతో కలిసినప్పుడు నొప్పి వస్తుంటే అది ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) కావచ్చు, ఇటుక ముక్కకి లొంగేది కాదు.

ఒంటేలు మంటకి మా వైపు ముందు చెప్పేది బార్లీ నీళ్ళు, తర్వాత పల్లేరు కాయల కషాయం. ఆడవాళ్ళకి ఒంటేలు బయటకొచ్చే నాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే, పేగుల్లో ఉండే ఈ.కోలై బాక్టీరియా అంత చిన్న దారి దాటి మూత్రాశయంలోకి వెళ్ళడం తేలిక. మళ్ళీ మళ్ళీ మంట వచ్చే 140 మంది ఆడవాళ్ళ మీద జరిగిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది, అప్పటిదాకా తక్కువ నీళ్ళు తాగే వాళ్ళలో సగం మందిని రోజుకి ఇంకో లీటరున్నర తాగమన్నారు, ఏడాదిలో వాళ్ళకి సగటున 1.7 సార్లు మంట వస్తే తాగనివాళ్ళకి 3.2 సార్లు వచ్చింది. అంటే బార్లీ నీళ్ళలో బార్లీ కన్నా నీళ్ళే ఎక్కువ పని చేస్తున్నాయన్నమాట. ఉడుపుల రోజుల్లో మన ఆడవాళ్ళు పొద్దున్న చోడంబలి తాగి పొలానికి పోతే మళ్ళీ సాయంత్రం దాకా చుక్క నీళ్ళు ముట్టరు, ఎందుకంటే పొలం గట్టు మీద చాటు ఎక్కడుంది, ఇది వైద్యంతో తీరే సమస్య కూడా కాదు. చలిజ్వరం వచ్చినా, వీపు పక్కన నొప్పి పుట్టినా, గర్భిణీ అయినా కషాయాలు పక్కన పెట్టేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, అది కిడ్నీకి ఎక్కిందంటే ప్రమాదం.

సంతలో సవర పెద్దాయన గోనెపట్టా మీద బెరడు ముక్కలు పోసి అమ్ముతుంటాడు, ముట్టులో రక్తం ఎక్కువ పోతే అశోక బెరడు అడుగుతారు. అసలు అశోక చెట్టుకి నారింజ, ఎరుపు రంగు పూలు గుత్తులుగా పూస్తాయి, స్కూలు కాంపౌండుల్లో నిటారుగా పెరిగే చెట్టుని మనం అశోక అంటాం గానీ అది నరమామిడి, దాని బెరడునే అశోక పేరుతో కలిపి అమ్మడం మందుల వ్యాపారంలో పాత మోసం. కొండ మీంచి స్వయంగా తెచ్చే పెద్దాయన్ని అనట్లేదు, పొట్లాల్లో పొడి కొట్టి అమ్మేవాటి సంగతి చెప్తున్నా.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. దగ్గితే తుమ్మితే ఒంటేలు పడిపోవడం, "ఏదో కిందకి జారినట్టుంది" అనిపించడం, ఈ రెండిటికీ మన పెద్దవాళ్ళ దగ్గర వేర్లున్నాయి, నడుం కట్టు ఉంది, పత్యం ఉంది, కానీ నిజంగా పనిచేసే వైద్యం మాత్రం ఆ జాబితాలో లేదు. కటి ఎముకల మధ్య అడుగున కండరాలు అల్లుకుని ఉంటాయి, నులక మంచానికి నులక ఉన్నట్టు, మూత్రాశయం గర్భసంచి మలద్వారం అన్నీ వాటి మీదే ఆధారపడతాయి. కాన్పుల్లో సాగిపోవడం, ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజన్ తగ్గడం, ఏళ్ళ తరబడి కట్టెల మోపులు నీళ్ళ బిందెలు మొయ్యడం, పాత దగ్గు, మలబద్ధకంతో ముక్కడం, వీటన్నిటికీ ఆ నులక వదులైపోతుంది. బాలింతకి నీళ్ళు ఇవ్వకూడదనే పాత పద్ధతి ఇక్కడే దెబ్బకొడుతుంది, నీళ్ళు లేక మలం గట్టిపడితే అప్పుడే సాగిన కండరం మీద పడి ముక్కాల్సి వస్తుంది. పొట్ట మీద మరీ బిగించి కట్టినా ఒత్తిడి కిందకే పోతుంది.

అమెరికా డాక్టర్ ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ కండరాలకి వ్యాయామం చెప్పాడు. గాలి బయటకి పోకుండా ఆపుకున్నట్టు, ఒంటేలు ఆపుకున్నట్టు లోపలికి, పైకి బిగించాలి, తొడలు పిర్రలు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు, అయిదారు సెకన్లు పట్టి ఉంచి అంతసేపూ వదిలేయాలి. ఒకసారికి ఎనిమిది పది, రోజుకి మూడుసార్లు, కనీసం మూడు నెలలు చెయ్యాలి. ఒంటేలు పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీసు చెయ్యొద్దు. దగ్గితే పడిపోయే రకం ఉన్నవాళ్ళ మీద జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి వైద్య పరిశోధనలని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2018లో చూసినప్పుడు, వ్యాయామం చేసినవాళ్ళలో 56 శాతం నయమైందని చెప్పారు, చెయ్యనివాళ్ళలో 6 శాతమే. ఏ కషాయానికైనా ఈ అంకె ఉంటే దాన్ని బంగారం రేటుకి అమ్మేవాళ్ళు. పొయ్యి దగ్గర కూర్చునే చెయ్యొచ్చు, కోడలికి కూడా తెలియదు. అయితే కటి లోపల కండరాలు ముందే బిగుసుకుపోయి నొప్పి ఉన్నవాళ్ళు ఇది చేస్తే నొప్పి పెరుగుతుంది, వాళ్ళకి కావాల్సింది సడలించడం, నెమ్మదిగా పొట్టలోకి ఊపిరి తీసుకోవడం.

తమాషా ఏంటంటే ఇలాంటి బిగింపే మన హఠయోగంలో మూలబంధం పేరుతో ఉంది, పదిహేనో శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో అపానాన్ని, అంటే కిందకి పోయే వాయువుని, పైకి లాగమని వివరంగా చెప్పారు. కానీ అది యోగుల సాధనగా ఉండిపోయింది, నలుగురు పిల్లల్ని కన్న తల్లికి చెప్పాలని ఎవరికీ తట్టినట్టు లేదు. మగవాళ్ళకీ పనికొస్తుంది, ప్రోస్టేట్ ఆపరేషన్ అయ్యాక ఒంటేలు ఆగకపోతే ఈ వ్యాయామమే నేర్పుతారు. ప్రోస్టేట్ పెరిగితే మూలికా మాత్రలు కొనేవాళ్ళు మాత్రం ఒకటి తెలుసుకోవాలి, సా పాల్మెట్టో అనే పేరున్న మూలికని 2006లో ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూస్తే తేడా ఏమీ కనిపించలేదు.

వ్యాయామంతో తగ్గనంతగా గర్భసంచి జారిపోతే చాలామంది నేరుగా తీయించేసుకోవడానికే సిద్ధపడతారు, బోర్డరు దాటి శ్రీకాకుళమో విశాఖో వెళ్ళి మరీ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రాలో 8.9 శాతం. తెల్లబట్టకి భయపడి కూడా తీయించుకున్నవాళ్ళున్నారు, చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే అప్పుడు మాత్రం ఎముకలు నిజంగానే పలచబడతాయి.

మధ్యలో ఇంకో దారి ఉంది, జారిన సంచిని ఆపడానికి యోనిలో పెట్టే పెస్సరీ రింగు. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటిస్ కాలం నాటి రాతల్లో జారిన సంచిని ఆపడానికి దానిమ్మ కాయ పెట్టమని ఉంది, ఆడమనిషిని నిచ్చెనకి తలకిందులుగా కట్టి ఊపడం కూడా ఉంది పాపం. ఇప్పుడు మెత్తటి సిలికాన్ రింగు పెడతారు, కోత లేదు, మత్తు లేదు. ఆపరేషన్ తట్టుకోలేని ముసలివాళ్ళకి, మోతపని మానలేనివాళ్ళకి పనికొస్తుంది. బరంపురం మెడికల్ కాలేజీ లాంటి పెద్దాసుపత్రిలో గైనిక్ ఓపీకి వెళ్ళినప్పుడు "తీయకుండా రింగు పెట్టొచ్చా" అని అడగండి, ఆశా దిదిని తోడు తీసుకెళ్తే ఒడియాలో చెప్పడానికి ఇబ్బంది ఉండదు. పెట్టించుకున్నాక మూడు నుంచి ఆరు నెలలకోసారి తీయించి, కడిగించి, లోపల పుండు పడిందేమో చూపించుకోవాలి, మధ్యలో రక్తం కనిపించినా వాసన వచ్చినా తేదీ కోసం ఆగకుండా వెళ్ళిపోవాలి.