64 బిట్లు పెట్టినంత మాత్రాన సరిపోదు

బెంగళూరు,
జయనగర్

చిరంజీవులిద్దరికీ మీ పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీరు అడిగినదానికి అప్పటికప్పుడు అవుననో కాదనో చెప్పి వదిలేయడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆఫీసులో మీకు టైమ్ టైప్ (ప్రోగ్రాముల్లో తేదీలనూ వ్యవధులనూ దాచుకుని లెక్కకట్టే భాగం) రాసే పని అప్పగించారు. "64 బిట్ల ఇంటీజర్లో నానోసెకన్లు పెట్టేస్తే 292 ఏళ్ళు వస్తాయి, ఇక ఓవర్‌ఫ్లో టెన్షన్ ఎందుకు పెదనాన్నా?" అన్నారు. మారతహళ్ళి పీజీలో మీ రూమ్మేట్లదీ అదే మాటట. లెక్క సరైనదే. 1970 నుంచి లెక్కపెడితే ఆ టైప్ 2262 ఏప్రిల్ దాకా నడుస్తుంది. అయినా టెన్షన్ ఉండాలి. ఓవర్‌ఫ్లో, అంటే వచ్చిన అంకె ఇచ్చిన బిట్లలో పట్టకపోవడం, ఎక్కువగా జరిగేది ఈరోజు తేదీని దాచుకునేటప్పుడు కాదు, దానితో లెక్కలు చేసేటప్పుడు. ఆ లెక్క పట్టకపోతే ఏం జరగాలో టైప్ రాసేవాళ్ళే తేల్చాలి. మీరు తేల్చకపోతే దాన్ని వాడే వందమందీ తలా ఒక రకంగా తేలుస్తారు, సగంమంది అసలు ఆలోచించరు.

2038 సంగతి మీకు తెలిసిందే కాబట్టి త్వరగా ముగిస్తాను. సైన్డ్ (నెగెటివ్ విలువలూ పట్టే) 32 బిట్లలో, 1970 నుంచి గడిచిన సెకన్లను దాచుకునే యూనిక్స్ గడియారం 2,14,74,83,647 దగ్గర నిండిపోతుంది. మన టైమ్ ప్రకారం అది 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. నిండిన అంకె చుట్టు తిరిగి అట్టడుగు నెగెటివ్ విలువకు పోతే, ఆ తర్వాతి సెకను 1901 డిసెంబరులో పడుతుంది. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 2014లోనే 64 బిట్లకు మారింది. 32 బిట్ల మెషీన్ల కోసం లైనక్స్ కెర్నల్ (ఆ సిస్టమ్ మూల భాగం) 2020లో, 5.6 వెర్షన్‌తో సిద్ధమైంది. అయితే ఈ సమస్య 2038 దాకా ఆగుతుందని మాత్రం అనుకోకండి. ఏఓఎల్‌సర్వర్ అనే వెబ్ సర్వర్లో "టైమవుట్ (ఆగే గడువు) ఎప్పటికీ వద్దు" అనడానికి వంద కోట్ల సెకన్లు అని పెట్టుకునేవారు. 2006 మే నెలలో ఒక రోజు, ఆ క్షణానికి వంద కోట్లు కలిపితే 2038 దాటిపోయింది, సర్వర్లు కూలాయి. ఈ ఊళ్ళో 20 ఏళ్ళ హోమ్ లోన్ మీద ఫ్లాట్ కొన్నవాళ్ళ చివరి ఈఎంఐ తేదీ కూడా ఇప్పటికే 2038 అవతల ఉంది.

ఇక అసలు చోటికి వద్దాం. గుణకారం.

ఒక రోజులో ఎన్ని మైక్రోసెకన్లు? 24 × 60 × 60 × 1000 × 1000 అని రాసి, జవాబును 64 బిట్ల వేరియబుల్లో వేసుకుంటారు. వేరియబుల్ పెద్దదే. కానీ జవాబు ఎందులో పడుతుందో చూసి కంపైలర్ (కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) గుణించదు. గుణించే అంకెలన్నీ 32 బిట్లవైతే గుణకారం కూడా 32 బిట్లలోనే జరిగి, పాడైపోయిన జవాబు వచ్చి పెద్ద వేరియబుల్లో కూర్చుంటుంది. రావలసింది 8,640 కోట్లు. జావాలో వచ్చేది 50,06,54,080. అంటే రోజు కాస్తా ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లయింది. నెగెటివ్ వచ్చి ఉంటే ఎవరో ఒకరికి అనుమానం వచ్చేది. ఇది పాజిటివ్, పైగా చూడ్డానికి నమ్మేలా ఉంది. రోజుకొకసారి జరగాల్సిన పని ఎనిమిది నిమిషాలకోసారి జరుగుతుంటే, లోడ్ ఎందుకు పెరిగిందా అని వేరే చోట వెతుకుతూ కూర్చుంటారు. సైన్డ్ 32 బిట్లలో సెకన్లను మిల్లీసెకన్లు చేస్తే 24 రోజుల పైచిలుకు వ్యవధి దాకా ఇముడుతుంది, మైక్రోసెకన్లు చేస్తే 35 నిమిషాల దాకా, నానోసెకన్లు చేస్తే మూడు సెకన్ల వ్యవధి కూడా ఇమడదు.

64 బిట్లలో ఇలా జరగదు అంటారేమో. విండోస్‌లో సూక్ష్మంగా కాలం కొలిచే కౌంటర్ ఇప్పటి మెషీన్లలో చాలావాటిలో సెకనుకు కోటి టిక్కులు వేస్తుంది. టిక్కులను నానోసెకన్లు చేయాలంటే వంద కోట్లతో గుణించి కోటితో భాగించాలి. ఉన్నదున్నట్టు అదే వరసలో రాశారనుకోండి, కొలిచే వ్యవధి 922 సెకన్లు దాటగానే మధ్యలో వచ్చే గుణకారం 64 బిట్లనూ దాటిపోతుంది. చివరి జవాబుకు బోలెడంత చోటుంది, మధ్య మెట్టుకు లేదు. మీ టెస్టుల్లో ఏ వ్యవధీ పావుగంట ఉండదు కాబట్టి అన్నీ పాసవుతాయి. సరైన పద్ధతి ఇది: ముందు భాగించి పూర్తి సెకన్లను విడదీయండి, వాటిని గుణించండి, మిగిలిన టిక్కులను విడిగా గుణించి భాగించి కలపండి. కాస్త పొడుగైన కోడ్, అంతే. ఇది టైప్ లోపల ఒక్కసారి సరిగ్గా ఉంటే బయట ఎవరూ మళ్ళీ రాయనక్కర్లేదు. అందుకే యూనిట్ మార్పిడిని వాడేవాళ్ళ చేతికి ఇవ్వకండని గట్టిగా చెబుతాను. ఉత్త ఇంటీజర్ను టైమవుట్‌గా తీసుకునే ఫంక్షన్ ఏదైనా మీ లైబ్రరీలో ఉంటే, అది ఈరోజే తీసేయాల్సింది.

తీసివేత దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. వ్యవధి నెగెటివ్‌గా ఉండదు కదా అని అన్‌సైన్డ్ ఎంచుకుంటారు. మధ్యలో నెట్‌వర్క్ టైమ్ చూసి సిస్టమ్ గడియారం ఒక్క నానోసెకను వెనక్కి జరిగిందనుకోండి, అన్‌సైన్డ్ 64 బిట్లలో ఆ తేడా 584 ఏళ్ళవుతుంది. వ్యవధి కొలవడానికి మోనోటానిక్ గడియారమే (ఎప్పుడూ ముందుకే నడవాల్సినది) వాడాలనేది ఇందుకే. అదీ వెనక్కి వెళ్ళిన మెషీన్లు ఉన్నాయి. రస్ట్ భాషలో రెండు క్షణాల తేడా తీస్తే, వరస తిరగబడినప్పుడు మునుపు ప్యానిక్ అయ్యేది, అంటే ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగిపోయేది. 1.60 వెర్షన్ నుంచి సున్నా ఇస్తోంది. నాకు ఆ మార్పు సబబుగానే తోచింది. హార్డ్‌వేర్ తప్పుకు నడుస్తున్న సర్వీసు ఎందుకు పడిపోవాలి?

అయితే అన్ని చోట్లా అదే జవాబు సరిపోదు. లెక్క పట్టనప్పుడు చుట్టు తిరగనివ్వొచ్చు, అంచు (ఆ టైప్‌లో పట్టే చివరి విలువ) దగ్గర ఆగిపోవచ్చు, ప్రోగ్రామ్‌ను ఆపేయొచ్చు, లేదా "కుదరలేదు" అనే సమాధానాన్ని పిలిచినవాళ్ళకు ఇవ్వొచ్చు. జావా వ్యవధులు కలిపితే పట్టనప్పుడు ఎక్సెప్షన్ అనే ఎర్రర్ వస్తుంది. రస్ట్‌లో ప్లస్ గుర్తు వాడితే ప్యానిక్, చెక్డ్ యాడ్ వాడితే "జవాబు లేదు" అనే విలువ, సాచురేటింగ్ యాడ్ వాడితే అంచు విలువ. గో భాషలో రెండు క్షణాల మధ్య తేడా అంచు దగ్గర ఆగుతుంది, వ్యవధిని గుణిస్తే మాత్రం చప్పుడు లేకుండా చుట్టు తిరుగుతుంది. ఒకే లైబ్రరీలో ఈ రెండు తీర్లూ ఉండటం నాకు నచ్చదు. సీ భాషలో సైన్డ్ ఓవర్‌ఫ్లోకి ప్రమాణం అర్థమే ఇవ్వలేదు. "కలిపాక విలువ తగ్గిందా" అని మీరు రాసిన చెకింగ్‌ను, అలా జరిగే అవకాశమే లేదనుకుని కంపైలర్ తీసేయొచ్చు. కలపకముందే చూడాలి, లేకపోతే సీ ప్రమాణపు సీ23 వెర్షన్లో వచ్చిన చెక్డ్ కూడిక వాడాలి.

వీటిలో ఏది ఎంచుకోవాలన్నది ఆ విలువ దేనికోసమో దాన్నిబట్టి ఉంటుంది. డెడ్‌లైన్ అయితే అంచు దగ్గర ఆగడం మేలు. 2262 దాకా ఆగే ప్రోగ్రామ్‌కూ ఇంకో వెయ్యేళ్ళు ఆగేదానికీ తేడా లేదు. లైనక్స్ కెర్నల్లో టైమర్ల కోసం అచ్చంగా ఇలా ఆగే కూడిక ఒకటి విడిగా ఉంది. వడ్డీ లెక్క, సర్టిఫికెట్ గడువు, పుట్టినతేదీ లాంటివైతే ఆగిపోవడం తప్పు. అబద్ధపు తేదీ డేటాబేస్‌లో చేరిపోతుంది, తర్వాత దాన్ని నిజం నుంచి వేరు చేయలేరు. అక్కడ ఎర్రర్ ఇవ్వాల్సిందే.

చుట్టు తిరగడమే సరైన చోటు కూడా ఉంది: టిక్ కౌంటర్లు. మన సంవత్సరాల పేర్లు గుర్తుచేసుకోండి. ప్రభవతో మొదలై అరవైయ్యోది అక్షయ, తర్వాత మళ్ళీ ప్రభవ. ఉత్త "ప్రభవ" అంటే 1927లో వచ్చిందో 1987లో వచ్చిందో పేరు చెప్పదు. వరస సంఖ్య చూస్తే ప్రభవ 1, అక్షయ 60. నేరుగా పోలిస్తే ప్రభవే ముందనిపిస్తుంది. కానీ 1986లో వచ్చిన అక్షయ తర్వాతే 1987 ప్రభవ. 1లోంచి 60 తీసేస్తే మైనస్ 59, అరవై చుట్టులో అది ప్లస్ 1. అంటే ప్రభవ ఒక ఏడాది తర్వాతది. రెండింటి మధ్య దూరం ముప్పై ఏళ్ళకు, అంటే సగం చుట్టుకు, లోపే ఉన్నంతవరకు ఈ లెక్క తప్పదు. కౌంటర్లనూ ఇలాగే పోల్చాలి: ఏది పెద్దదని చూడకూడదు, తీసివేసి గుర్తు చూడాలి. జావాలో నానోసెకన్ల కౌంటర్ విలువనిచ్చే నానోటైమ్ ఫంక్షన్ డాక్యుమెంటేషన్ చెప్పేదీ, లైనక్స్ కెర్నల్లో జిఫ్ఫీలను (కెర్నల్ సొంత టిక్కులను) పోల్చే మాక్రో, అంటే చిన్న కోడ్ ముక్క, చేసేదీ ఇదే. జీపీఎస్ పాత సిగ్నల్లో వారాల లెక్క కూడా 10 బిట్లే, 1024 వారాలకు సున్నా అవుతుంది. 1999లో ఒకసారి, 2019లో ఒకసారి అయింది. మీ టైప్‌లో కౌంటర్‌కూ క్యాలెండర్ క్షణానికీ వేర్వేరు పేర్లు పెట్టండి. రెండూ కలిస్తే కంపైలరే ఒప్పుకోకూడదు.

"ఎప్పటికీ" అనేదాన్ని దయచేసి పెద్ద అంకెగా పెట్టకండి. గరిష్ఠ వ్యవధిని టైమవుట్‌గా ఇస్తే, లోపల ఎవరో దాన్ని ఇప్పటి క్షణానికి కలుపుతారు, అది చుట్టు తిరిగి గతంలో పడుతుంది, కలకాలం ఆగాల్సిన ఫంక్షన్ ఆ క్షణమే వెనక్కి వచ్చేస్తుంది. సీప్లస్‌ప్లస్ లైబ్రరీలతో ఈ దెబ్బ తిన్నవాళ్ళు చాలామంది. అంచు దగ్గర ఆపినా పూర్తిగా తీరదు: అనంతంలోంచి అనంతం తీసేస్తే సున్నా వస్తుంది, అనంతంలోంచి గంట తీసేస్తే అది అనంతం కాకుండా పోతుంది. టైమవుట్‌కు "లేదు" అనే విలువను విడిగా ఇవ్వండి.

టెస్టుల మాట. మిల్లీసెకన్లు లెక్కించే అన్‌సైన్డ్ 32 బిట్ల కౌంటర్ నిండి విండోస్ 95, 98 ఆగకుండా 49.7 రోజులు నడిస్తే బిగుసుకుపోయేవి. బోయింగ్ 787లో కరెంటు ఆపకుండా 248 రోజులు ఉంచితే జనరేటర్ కంట్రోల్ యూనిట్లలో కౌంటర్ ఓవర్‌ఫ్లో అవుతుందనీ, నాలుగూ ఒకేసారి ఆగి విమానంలో ఏసీ (ఆల్టర్నేటింగ్) కరెంటు మొత్తం పోవచ్చనీ 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఆదేశం ఇచ్చింది. సెకనులో నూరో వంతు చొప్పున 31 బిట్లు నిండేది సరిగ్గా అన్ని రోజులకే. ల్యాబ్‌లో 248 రోజులు ఎవరు ఆగుతారు? లైనక్స్ కెర్నల్ వాళ్ళు చేసింది నాకు ఎంతో ఇష్టం. వాళ్ళ జిఫ్ఫీ కౌంటర్ సున్నాతో మొదలవదు, మైనస్ అయిదు నిమిషాల విలువతో మొదలవుతుంది. మెషీన్ ఆన్ చేసిన అయిదు నిమిషాలకే 32 బిట్ల చుట్టు పూర్తవుతుంది. నెలల తర్వాత కస్టమర్ దగ్గర బయటపడే తప్పు, టీ తాగి వచ్చేలోపు మీ కళ్ళముందే బయటపడుతుంది. మీ టైప్‌లోనూ గడియారాన్ని బయటినుంచి ఇచ్చే వీలు పెట్టండి, టెస్టుల్లో దాన్ని అంచుకు ఒక సెకను ముందు నిలబెట్టి మొదలుపెట్టండి.

ఆదివారం వస్తామన్నారు కదా, ల్యాప్‌టాప్ తెచ్చుకోండి. కూడిక, తీసివేత, గుణకారం, యూనిట్ మార్పిడి, ఈ నాలుగింట్లో లెక్క పట్టకపోతే ఏమవుతుందో ఒక్కోదానికి ఒక్కో వాక్యం డాక్యుమెంటేషన్లో రాసి తీసుకురండి. కోడ్ కంటే ముందు అవే చూస్తాను. పెద్దమ్మ మధ్యాహ్నం భోజనానికే రమ్మంటోంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న