పోయిన వలలూ, స్కూబా డైవర్లూ: గోపాల్‌పూర్ నుంచి పిల్లలకు ఉత్తరం

పిల్లలూ,

వీపుకి గాలి సిలిండరు కట్టుకుని లోపలికెళ్ళి చేపల్ని చూసొచ్చేవాళ్ళ వల్ల సముద్రానికి ఒరిగేదేముంది తాతయ్యా అని అడిగారు కదా. చాలా ఉంది. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, ఒడ్డుకెళ్తే వలలూ బోట్లూ, వీటి మధ్య పెరుగుతున్న మన గంజాం పిల్లలకి ఈ సంగతి అందరికంటే ముందు తెలియాలి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒడ్డున ప్లాస్టిక్ సీసా పడి ఉంటే దారిన పోయేవాళ్ళందరికీ కనిపిస్తుంది. 20 మీటర్ల లోతున రాళ్ళకి చుట్టుకున్న వల ఎవరికి కనిపిస్తుంది? దిగినవాళ్ళకే కనిపిస్తుంది.

మీ నాన్నలు వేసే టంగుసు వలని, అంటే సన్నటి నైలాన్ దారంతో అల్లిన వలని తీసుకోండి. గాలివానకో, రాయికి పట్టుకునో, పెద్ద బోటు తగిలో ఒక్కోసారి తెగిపోతుంది. ఆ రోజు ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరూ మాట్లాడరు, అంత డబ్బు పోయినట్టు మరి. కానీ నష్టం అక్కడితో ఆగదు. నైలాన్ కుళ్ళదు కాబట్టి ఆ వల ఏళ్ళ తరబడి చేపల్ని పడుతూనే ఉంటుంది. చచ్చిన చేప కోసం పీత వస్తుంది, అదీ చిక్కుకుంటుంది, దాన్ని తినడానికి ఇంకోటి వస్తుంది. ఎవరూ తినని, ఎవరూ అమ్మని వేట అది. ఇలా ప్రపంచమంతా కలిపి ఏటా 6,40,000 టన్నుల వలలూ సరంజామా సముద్రం పాలవుతున్నాయని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2009లో ఒక అంచనా వేశాయి. మన రుషికుల్య మొగ దగ్గర, అంటే ఆ నది సముద్రంలో కలిసే చోట, 2025లో దాదాపు 7 లక్షల ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. తాబేలు నీళ్ళలో బతికినా గాలి పీల్చడానికి పైకి రావాల్సిందే, వలలో కాలు చిక్కితే రాలేదు, ఊపిరాడక చచ్చిపోతుంది.

శిక్షణ పొందిన డైవర్లు ఇలాంటి వలల్ని తీస్తారు. ఎలా తీస్తారో చెబుతాను వినండి. లాగరు. లాగితే రాయి మీద పెరిగిన పగడాలూ, స్పాంజీలూ ఊడి వస్తాయి, అందుకని కత్తితో కొంచెం కొంచెం కోస్తారు. ఒక్కరు ఎప్పుడూ దిగరు, ఎందుకంటే కోసిన ముక్క తేలుతూ వచ్చి సిలిండరుకే చుట్టుకోవచ్చు, అప్పుడు విడిపించడానికి జతగాడు పక్కనే ఉండాలి. బరువైన ముక్కకి గాలి సంచి కట్టి, అందులోకి కొద్దిగా గాలి వదులుతారు. ఇక్కడే చాలా జాగ్రత్త కావాలి. 20 మీటర్ల లోతున నింపిన గాలి పైకి వచ్చేసరికి నీటి ఒత్తిడి తగ్గి 3 రెట్లవుతుంది, సంచి పైకి లేచేకొద్దీ వేగం పెరిగిపోతుంది, పొరపాటున దానితోపాటు మనిషి కూడా కొట్టుకుపోతే ఊపిరితిత్తులకే ప్రమాదం. ఎన్నో ఏళ్ళుగా ఉండిపోయి పగడాలు అల్లుకున్న పాత వలని ఒక్కోసారి కదపకుండా వదిలేస్తారు, తీస్తే మేలు కంటే కీడే ఎక్కువ.

అసలు డైవరు వల్లే పగడాలకి దెబ్బ తగలొచ్చు. కాళ్ళకి తొడుక్కునే ఆ రెక్కలతో ఒక్క తన్ను తంతే కొమ్మ విరుగుతుంది, గుండ్రాయిలా పెరిగే రకం పగడమైతే ఏడాదికి సెంటీమీటరు పెరగడమే గగనం. అందుకే నీళ్ళలో పైకీ కిందకీ పోకుండా ఒకేచోట నిలకడగా తేలడం ముందు నేర్పుతారు. అది రానివాడు పగడాల దగ్గరకి వెళ్ళకూడదని నా అభిప్రాయం, ఎంత డబ్బు కట్టినా సరే.

నన్నడిగితే, చెత్త తియ్యడం కంటే చూసింది రాసిపెట్టడమే పెద్ద సాయం. డైవ్ అగైన్‌స్ట్ డెబ్రిస్ అని 2011లో మొదలైన కార్యక్రమంలో డైవర్లు తీసిన ప్రతి వస్తువునీ లెక్కపెట్టి ఎక్కడ దొరికిందో నమోదు చేస్తారు. పగడం రంగు వెలిసిపోయిందా అని రంగుల కార్డు పక్కన పెట్టి పోల్చి చూసేవాళ్ళున్నారు, ఎందుకంటే నీరు వేడెక్కితే పగడం తెల్లబడుతుంది. తిమింగల సొర ఒంటి మీద చుక్కలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. మొప్పల వెనక భాగాన్ని ఫొటో తీసి పంపితే, అది ఇంతకుముందు ఏ దేశంలో కనిపించిందో కంప్యూటరు చెబుతుంది. నక్షత్రాల ఫొటోలు పోల్చడానికి ఖగోళ శాస్త్రవేత్తలు వాడిన పద్ధతి అది! సెలవుల్లో సరదాగా దిగిన మనిషి తీసిన ఫొటో కూడా అందులో పనికొస్తుంది.

మన దగ్గర నీళ్ళు చాలా నెలలు మట్టిగానే ఉంటాయి, కెరటం కూడా గట్టిది, లక్షద్వీప్‌లోనో అండమాన్‌లోనో దిగినట్టు ఇక్కడ దిగలేరు. అయినా వల ఎక్కడ పోయిందో డైవరుకి తెలియదు, మీ నాన్నకి తెలుసు. ఏ రాళ్ళ దగ్గర పట్టుకుందో, ఎన్ని బారల లోతో, ఏ గాలికి ఎటు పోయి ఉంటుందో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చెప్పడానికి మనవాళ్ళు జంకుతారు, తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య మొగ దగ్గర 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం కదా, కేసు పెడతారేమోనని టెన్షన్. వల పోయిందని చెప్పినవాళ్ళని అధికారులు బెదిరించకూడదు, ఈ మాట నేను ఎక్కడైనా చెబుతాను.

10 ఏళ్ళు నిండితే పిల్లలకి స్కూబా కోర్సులున్నాయి, కానీ ముందు ఈత బాగా రావాలి. వల కనిపించింది కదా అని మీ అంతట మీరు నీళ్ళలోకి దిగొద్దు. ఈలోగా ఒక నోటుపుస్తకం పెట్టుకుని, మీ వీధిలో ఎవరి వల పోయినా తేదీ, లోతు, బోటులో జీపీఎస్ ఉంటే ఆ అంకెలు అడిగి రాసిపెట్టండి. పెద్దవాళ్ళు ఊరుకోమంటే నా పేరు చెప్పండి, నేను వచ్చి మాట్లాడతాను.

మీ తాతయ్య