నాలుక కింద పెట్టుకునే బిళ్ల: బ్యుప్రెనార్ఫిన్ చికిత్సపై అపోహలు, వాస్తవాలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో మత్తు వ్యసనం అనగానే ఎవరికైనా కల్తీ కల్లే గుర్తుకు వస్తుంది. అయితే నడుము నొప్పికి మొదలుపెట్టిన ట్రమడాల్, టపెంటడాల్ బిళ్లలు మానలేక, లేదా పెంటజోసిన్ ఇంజెక్షన్లకు అలవాటు పడి చికిత్స కోసం మా దగ్గరికి వచ్చేవారూ ఉన్నారు. ఇవన్నీ నల్లమందులా మెదడుపై పనిచేసే మందులే. వీటికి బానిసలైన వారిలో తగినవారికి, మానినప్పుడు వచ్చే బాధలు తగ్గించే బ్యుప్రెనార్ఫిన్ అనే బిళ్ల ఇస్తాము. దానిని కొందరు దుర్వినియోగం చేస్తున్న మాట వాస్తవమే కానీ, ఆ భయంతో చికిత్సనే మాన్పిస్తే ప్రాణానికి ముప్పు ఇంకా పెరుగుతుంది.

అపోహ: ఒక మత్తు మాన్పించి మరో మత్తు అంటగడుతున్నారు.

వాస్తవం: ఈ మందు మెదడులో హెరాయిన్ వంటివి పట్టుకునే చోటునే పట్టుకుంటుంది కానీ, కొంతవరకే పనిచేస్తుంది. ఒక స్థాయి దాటాక మోతాదు పెంచినా ప్రభావం అంతగా పెరగదు. ఒక మోతాదు ప్రభావం సుమారు ఒక రోజంతా నిలుస్తుంది కాబట్టి, మత్తు మానినప్పుడు వచ్చే ఒళ్లు నొప్పులు, విరేచనాలు, నిద్రలేమి తగ్గి మనిషి పనికి వెళ్లగలుగుతాడు.

అపోహ: బిళ్లతోపాటు కల్లు తాగినా ఏమీ కాదు, కల్లు మత్తుమందు కాదు కదా.

వాస్తవం: మన ప్రాంతంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టే అపోహ ఇది. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్రమత్తు మందులు కలుపుతారు. బ్యుప్రెనార్ఫిన్ ఒక్కటే వాడినప్పుడు ఒక స్థాయి దాటాక ప్రభావం అంతగా పెరగకపోవడమే రక్షణ, ఇవి తోడైనప్పుడు ఆ రక్షణ పనిచేయదు. శ్వాస నెమ్మదించి ప్రాణం పోవచ్చు. మనిషి పిలిస్తే పలకకుండా, గరగరమని గురక పెడుతూ, పెదవులు నీలిబారితే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి. అలాగని కల్లును ఒక్కసారిగా మానడమూ ప్రమాదమే, ఎందుకంటే ఆల్ప్రజోలం ఆగినప్పుడు వచ్చే వణుకు, పిచ్చి మాటలు, మూర్ఛలను బ్యుప్రెనార్ఫిన్ ఆపలేదు. రోజుకు ఎన్ని సీసాలు తాగుతున్నారో మొహమాటం లేకుండా చెబితే, దానికి వేరుగా మందిచ్చి క్రమంగా తగ్గిస్తాము.

అపోహ: నలోక్సోన్ కలిసిన బిళ్లను దుర్వినియోగం చేయడం సాధ్యం కాదు.

వాస్తవం: నలోక్సోన్ నల్లమందు రకం మందుల ప్రభావాన్ని అడ్డుకునే మందు. నాలుక కింద పెట్టినప్పుడు అది ఒంటికి పెద్దగా ఎక్కదు, నరంలోకి ఎక్కిస్తే మాత్రం వేరే మత్తుమందు ఒంట్లో ఉన్నవారికి తీవ్రమైన బాధలు తెస్తుంది. అయితే ఇప్పటికే బ్యుప్రెనార్ఫిన్ వాడుతున్నవారిలో ఈ అడ్డు అంత గట్టిది కాదు. దంచిన బిళ్ల పొడి నరాలను పాడుచేసి చీముగడ్డలు తెస్తుంది, సూదులు పంచుకుంటే హెచ్ఐవీ, హెపటైటిస్ సి సోకుతాయి. అందుకే మొదటి రోజుల్లో బిళ్లను మా ఎదుటే వేయిస్తాము. నోరు తడిచేసుకుని, నాలుక కింద పెట్టుకుని, పూర్తిగా కరిగేవరకు మాట్లాడకుండా, మింగకుండా కూర్చోవాలి. ఆ తరువాత నోరు తెరిపించి, దవడ పక్కకు తోసి దాచారేమో చూస్తాము. ఇది అవమానించడం కాదు, ఆ బిళ్ల బయట అమ్ముడుపోకుండా చూసుకోవడం. కరిగాక నీళ్లతో పుక్కిలించి, గంట తరువాతే పళ్లు తోముకుంటే పళ్లకు మంచిది.

అపోహ: స్నేహితుడి బిళ్ల వేసుకుని ఇంట్లోనే మానేయవచ్చు.

వాస్తవం: హెరాయిన్ వంటిది వాడిన వెంటనే వేసుకుంటే బాధలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. సాధారణంగా 12 నుంచి 24 గంటలు ఆగి, ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్లు గగుర్పొడవడం మొదలయ్యాకే వైద్యుల పర్యవేక్షణలో ఇవ్వాలి.

అపోహ: చెప్పినదానికంటే ఎక్కువ బ్యుప్రెనార్ఫిన్ బిళ్లలు వాడేవారికి చికిత్స ఆపేయాలి, పది రోజులు ఆసుపత్రిలో పెడితే చాలు.

వాస్తవం: ఎక్కువ వాడటానికి మోతాదు చాలకపోవడం, తగ్గని నడుము నొప్పి, దిగులు కారణాలు కావచ్చు. ముందు వాటిని సరిచూసి, రోజువారీ పర్యవేక్షణ పెంచాలి. చికిత్స ఉన్నట్టుండి ఆపితే మత్తుమందును తట్టుకునే శక్తి తగ్గి, మళ్లీ దాన్ని వాడినప్పుడు పాత మోతాదే ప్రాణాంతకం కావచ్చు. చికిత్స నెలలు, కొందరికి ఏళ్లు సాగవచ్చు. గర్భిణులు సొంతంగా అసలు ఆపకూడదు.

పోలీసు కేసుకు భయపడి రానివారు కూడా ఉన్నారు. కొద్దిపాటి మత్తుమందుతో పట్టుబడినవారు, వాడినందుకు కేసు ఎదుర్కొంటున్నవారు స్వచ్ఛందంగా చికిత్స కోరి పూర్తి చేసుకుంటే, 1985 నాటి ఎన్డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టంలోని 64ఏ సెక్షన్ వారికి విచారణ నుంచి రక్షణ కల్పిస్తుంది. ఎక్కడికి వెళ్లాలో తెలియనివారు మత్తు వ్యసన సహాయ నంబరు 14446కు గానీ, మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ 14416కు గానీ ఉచితంగా ఫోన్ చేసి తెలుసుకోవచ్చు.