అనంతపురం గాలిలో రిమోట్ విమానం

రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ పక్క పడమటి గాలి విసురు తగ్గదు. కొత్తగా రిమోట్ విమానం కొన్నవాళ్ల రెక్కలు ఎక్కువగా విరిగేది ఆ గాలిలోనే. మోటారుకు బలం చాలలేదనో, సిగ్నల్ పోయిందనో అనుకుంటారు. చాలాసార్లు ఆ రెండూ కాదు.

విమానాన్ని నిలబెట్టేది నేల మీద దాని వేగం కాదు, గాలిలో దాని వేగం. రెక్కల మీదుగా గాలి తగినంత జోరుగా పారితేనే అవి బరువు మోస్తాయి. మన ఫోమ్ విమానం సెకనుకు 10 మీటర్ల వేగంతో హాయిగా పోతుందనీ, 6 మీటర్లకు తగ్గితే రెక్కలు పట్టు వదిలేస్తాయనీ అనుకుందాం. దాన్నే స్టాల్ అంటారు. గాలి 5 మీటర్లతో వీస్తోంది. ఎదురుగాలిలో విమానం నేల మీద సెకనుకు 5 మీటర్లే జరుగుతుంది. మలుపు తిప్పి గాలివాలుకు పెట్టగానే 15 అవుతుంది! కింద నిలబడ్డవాడికి అది పారిపోతున్నట్టే ఉంటుంది, చెయ్యి దానంతటదే థ్రాటిల్ (మోటారు జోరు మార్చే మీట) తగ్గిస్తుంది. ఎత్తు పోకుండా ఎలివేటర్ స్టిక్కు, అంటే ముక్కు లేపే మీట, లాగి పట్టుకుంటాడు. కంటికి 10 అనిపించేదాకా తగ్గించాడంటే గాలిలో దాని అసలు వేగం 5 మీటర్లే. ఒక రెక్క వాలుతుంది, ముక్కు కిందికి తిరుగుతుంది, గిరగిరా తిరుగుతూ చేలో పడుతుంది.

అందుకే గాలివాలులో పోతున్నప్పుడు థ్రాటిల్ ముట్టుకోకూడదు. మొదటి రోజుల్లో విమానాన్ని ఎప్పుడూ గాలి వచ్చే వైపే ఉంచుకోవాలి, అదుపు తప్పినా మన వైపే కొట్టుకొస్తుంది. స్టాల్ అయితే స్టిక్కు ఇంకా లాగాలనిపిస్తుంది. సరిగ్గా దానికి వ్యతిరేకం చెయ్యాలి: ముందుకు వదిలి, ముక్కు దించి, వేగం అందుకున్నాక మెల్లగా లేపాలి. దీనికి చోటు కావాలి కాబట్టి 30, 40 మీటర్ల ఎత్తుకు తగ్గకుండా నేర్చుకోవడం మేలు.

రెండో చిక్కు, విమానం మన వైపు వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారవడం. ఆలోచించే తీరిక ఉండదు. ఏ రెక్క కిందికి వాలినట్టు కనబడుతోందో స్టిక్కును ఆ వైపే నెట్టండి, రెక్క లేస్తుంది. ఇది కంప్యూటర్ సిమ్యులేటర్‌లో చేతికి అలవాటయ్యాకే చేలోకి రావాలి.

నేర్చుకోవడానికి మంచి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి, పొద్దున ఎనిమిది లోపల. గాలి నెమ్మదిగా వీస్తుంది, శెనక్కాయ పీకిన చేలు ఖాళీగా ఉంటాయి. మెత్తటి ఎర్రమట్టిలో చక్రాలు దిగబడి విమానం పల్టీ కొడుతుంది, కాబట్టి వాటిని పీకేసి చేత్తో విసిరి, పొట్ట మీద దించడమే నయం. పంపుసెట్ల కరెంటు తీగలు లేని చేను చూసుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నం సుడిగాలులు లేస్తాయి, అప్పుడు పెట్టె తెరవనే వద్దు. పైగా వేడిగాలి పలచన. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల్లో ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగితే, సుమారు 335 మీటర్ల ఎత్తున్న అనంతపురంలో 40 డిగ్రీల ఎండకు 1.08 కిలోలే. స్టాల్ వేగం దాదాపు 6 శాతం పెరుగుతుంది, ప్రొపెల్లర్ లాగే బలమూ తగ్గుతుంది.

విమానం సంగతికొస్తే, పొట్ట పైన రెక్క ఉన్నది, రెక్క కొసలు కాస్త పైకి లేచినది, రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 1.2 మీటర్లకు అటూ ఇటూ ఉన్నది చాలు. మూడు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ, 2200 మిల్లీ ఆంపియర్ అవర్లు. సెల్లు నిండితే 4.2 వోల్టులు. 3.5కు రాకముందే విమానాన్ని దించాలి, ఇంట్లో దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఎండలో కారులో వదిలేస్తే ఉబ్బుతుంది, ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జ్ చేయకూడదు. రెక్క ముందంచు నుంచి వెడల్పులో నాలుగో వంతు, లేదా అంతకు కొంచెం వెనక, రెండు వేళ్ల మీద నిలబెడితే విమానం సమంగా నిలవాలి. తోక వాలితే బ్యాటరీని ముందుకు జరపండి. తోక బరువుతో విసిరిన విమానం అదుపులోకి రావడం కష్టం. ఇంట్లో థర్మాకోల్‌తో చేసుకునేవాళ్లు మామూలు ఫెవిక్విక్ వాడొద్దు, షీటును తినేసి గుంత పెడుతుంది. హాట్ గ్లూ మే నెల ఎండకు మెత్తబడుతుంది.

ముందు ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) ఆన్ చేసి, థ్రాటిల్ కిందికి దించి, తర్వాతే విమానంలో బ్యాటరీ పెట్టాలి. తీసేటప్పుడు ముందు విమానం బ్యాటరీ. ఒకరు విమానం గట్టిగా పట్టుకుని మోటారు కొంచెం తిప్పాలి, ఇంకొకరు ట్రాన్స్‌మిటర్ ఆపాలి. మోటారు ఆగకపోతే ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే మోటారు దానంతటదే ఆగే ఏర్పాటు, సరిగా పెట్టలేదన్నమాట, ఆ రోజు ఎగరేయొద్దు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో ఆ చోటు పచ్చ మండలంలో (ముందుగా అనుమతి అక్కర్లేని చోట) ఉందో లేదో కూడా చూసుకోవాలి. పచ్చ మండలంలోనైనా 400 అడుగులు మించకూడదు, విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగులే. పుట్టపర్తి, ఓర్వకల్లు విమానాశ్రయాల చుట్టుపక్కలవాళ్లు ఇది మరవకూడదు.

దించేది ఎప్పుడూ ఎదురుగాలికే. మోకాలి ఎత్తుకు వచ్చాక థ్రాటిల్ పూర్తిగా తీసేసి, ముక్కు ఒక్క పిసరు లేపి పట్టాలి. ఆగిన విమానాన్ని పరిగెత్తి ఎత్తొద్దు. మెడలో వేలాడే ట్రాన్స్‌మిటర్ స్టిక్కు చొక్కాకు తగిలినా ప్రొపెల్లర్ తిరుగుతుంది, కాబట్టి ముందు బ్యాటరీ పిన్ను పీకాలి.