ఏడిపిస్తేనే నటన వస్తుందా? ఆఫీసు నాటకంపై అపోహలు - వాస్తవాలు

మా యూనివర్సిటీ రంగస్థల విభాగంలో అమెరికన్ నాటక రచయిత ఎల్మర్ రైస్ రాసిన 'యాడింగ్ మెషీన్' నాటకాన్ని తెలుగులో రిహార్సల్ చేయిస్తున్నప్పుడు, "సార్, జీరో పాత్ర వేయాలంటే కొన్నాళ్లు నిద్ర మానెయ్యాలా?" అని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. 1923లో న్యూయార్క్‌లో థియేటర్ గిల్డ్ తొలిసారి ప్రదర్శించిన ఈ నాటకంలో, 25 ఏళ్లు ఒకే చోట లెక్కలు వేసిన గుమాస్తా జీరో, జీతం పెరుగుతుందని ఆశపడిన రోజునే తన స్థానంలోకి యంత్రం వస్తోందని విని యజమానిని చంపేస్తాడు.

అపోహ: అవమానాన్ని నటించాలంటే నటుణ్ణి నిజంగా అవమానించాలి.

వాస్తవం: విద్యార్థులకు ఇంత చెరుపు చేసిన నమ్మకం మరొకటి నాకు కనబడలేదు. నేను చదువుకునే రోజుల్లో ఒక దర్శకుడు, నిరుద్యోగి పాత్ర "లోపలినుంచి రావాలి" అంటూ, అందరి ముందూ మా నాన్నగారి పేదరికాన్ని ఎత్తి నన్ను తిట్టారు. నేను ఏడ్చాను, సీను అద్భుతంగా వచ్చిందని మెచ్చుకున్నారు. మర్నాడు ఆ కన్నీళ్లు రాలేదు. ప్రదర్శన రోజున డైలాగులూ రాలేదు.

ఈ నాటకం రెండో రంగమే చూడండి. తోటి ఉద్యోగిని డైసీ అంకెలు చదువుతూ ఉంటుంది, జీరో వాటిని రాసుకుంటూ ఉంటాడు, ఆ అంకెల మధ్యనే ఇద్దరి మనసులోని మాటలూ పైకి వినిపిస్తాయి. దుఃఖంలో మునిగిన నటుడు ఒక్క అంకె తప్పినా ఎదుటి నటి అందుకోవలసిన మాట పోతుంది. పైగా యజమాని అరవడు. పొదుపు, సామర్థ్యం, వ్యాపారం అంటూ మర్యాదగానే ఉద్యోగం తీసేస్తాడు. భయమంతా ఆ మర్యాదలో ఉన్నప్పుడు, రిహార్సల్లో దర్శకుడు వేసే కేకలు ఏ సీనుకు సాధన అవుతాయో నాకు అర్థం కాదు.

మన హరిశ్చంద్ర కాటిసీనులో ప్రేక్షకులు "వన్స్ మోర్" అంటే, నటుడు అదే పద్యాన్ని అదే శోకంతో మళ్లీ అందుకుంటాడు. సాత్త్వికాభినయం, అంటే లోపలి భావాన్ని కన్నీరు, వణుకు వంటివాటితో పైకి చూపే నటన, అంటే ఆ పట్టే. పాత్ర కోసం పిచ్చివాళ్లైపోయిన నటుల కథలు వాట్సాప్‌లో తిప్పేవారు ఈ సంగతి ఆలోచించరు.

అపోహ: కాలేజీ ప్రదర్శనకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

వాస్తవం: 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు, ప్రేక్షకులు ఆ సంస్థ సిబ్బంది, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సంస్థ కార్యకలాపాలతో సంబంధం ఉన్నవారు మాత్రమే అయినప్పుడు వర్తిస్తుంది. ఊరందరికీ టిక్కెట్లు అమ్మాలనుకుంటే ముందుగా హక్కుల సంగతి తేల్చుకోండి.

అపోహ: విషాద నాటకమంటే వేదిక చీకటిగా ఉండాలి.

వాస్తవం: ఆఫీసులో ట్యూబులైట్లు ఉంటాయి.

అపోహ: ఇలాంటి నాటకాలు పిల్లల మనసు పాడుచేస్తాయి.

వాస్తవం: జీరో పాత్రధారి తల్లి ఒక రాత్రి ఫోన్ చేసి, "సార్, మావాడు నాలుగు రోజులుగా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు, నాటకం మాన్పించమంటారా?" అని అడిగారు. ఆ కంగారును కొట్టిపారేయడం నాకు న్యాయమనిపించలేదు. నిజంగా కుంగిపోయిన విద్యార్థులనూ నేను చూశాను. మర్నాడు అబ్బాయిని కూర్చోబెట్టి అడిగితే తెలిసింది, రెండో రంగంలోని అంకెలు మరిచిపోతానేమోనని అన్నం తింటున్నా వాటినే వల్లె వేసుకుంటున్నాడట.