క్లోనింగ్‌లో అసలు చిక్కు ఎక్కడుంది?

"చనిపోయిన పిల్లవాడి కణాలు దాచి ఉంచితే, క్లోనింగ్‌తో వాడే మళ్లీ పుడతాడా?" అని ఒక పాఠకురాలు అడిగారు. పుట్టడండి. మహా అయితే వాడి పోలికలున్న మరో బిడ్డ పుడతాడు. అదీ పుడితే.

కేంద్రకం తీసేసిన అండంలోకి శరీర కణం కేంద్రకాన్ని చేర్చి పిండంగా ఎదిగించడమే క్లోనింగ్. ఇది బడి పాఠాల్లోనే ఉంది. 1996 జులై 5న స్కాట్లాండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో డాలీ అనే గొర్రె ఇలా క్లోనింగ్‌తో పుట్టిన సంగతీ అందరికీ తెలుసు. పాఠం చెప్పేటప్పుడు మనం మింగేసేది దాని వెనకున్న లెక్క. 277 అండాలతో ప్రయత్నిస్తే 29 పిండాలు దక్కాయి. వాటిని 13 గొర్రెల గర్భాల్లో పెడితే ఒక్క పిల్ల బతికింది.

ఎందుకింత నష్టం? మన జన్యు సముదాయం ఇరవై వేల గదులున్న లంకంత ఇల్లు అనుకోండి. గదికో జన్యువు. చర్మ కణమైనా, గుండె కణమైనా తనకు అక్కర్లేని గదులన్నిటికీ తాళాలు వేసేసుకుంటుంది. తాళాలంటే డీఎన్ఏకీ, అది చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్లకీ అంటుకునే మిథైల్ గుంపుల వంటి రసాయన గుర్తులు. మామూలు ఫలదీకరణలో వీర్యకణం తెచ్చే తాళాలను తీయడం అండానికి బాగా అలవాటు. ఆరేళ్ల గొర్రె పొదుగు కణం తెచ్చేవి తుప్పు పట్టిన తాళాలు. తీయడానికి ఉన్న వ్యవధి కొద్ది గంటలే. అన్నిటికన్నా మొండి తాళం, హెచ్3 హిస్టోన్‌లో తొమ్మిదో స్థానంలోని లైసిన్ అనే అమైనో ఆమ్లం మీద కూర్చున్న మూడు మిథైల్ గుంపులు. 2018లో కోతుల క్లోనింగ్‌ను ప్రకటించిన షాంఘై శాస్త్రవేత్తలు దీన్ని తీయడానికి కేడీఎం4డీ అనే ఎంజైమ్‌ను తయారుచేయించే ఎంఆర్ఎన్ఏను పిండంలోకి ఎక్కించారు. దొంగ తాళంచెవి అన్నమాట! అయినా పిండ దశ కణాలతో 21 కోతుల్లో ప్రయత్నిస్తే దక్కినవి రెండు పిల్లలు. ఎదిగిన కోతి కణాలతో 42 కోతుల్లో ప్రయత్నిస్తే రెండు పుట్టి, రెండూ వెంటనే పోయాయి.

ఇంతకంటే పెద్ద చిక్కు, కొన్ని తాళాలు అసలు తీయకూడదు. ఐజీఎఫ్2 అనే ఎదుగుదల జన్యువులో తండ్రి నుంచి వచ్చిన నకలు పనిచేయాలి, తల్లి నుంచి వచ్చినది మూతబడే ఉండాలి. క్లోనింగ్‌లో ఇలాంటివి చెదిరిపోతే పిండం, మావి విపరీతంగా పెరిగి తల్లి ప్రాణానికే ముప్పు రావచ్చు. మన హర్యానాలోని కర్నాల్‌లో 2009 ఫిబ్రవరిలో పుట్టిన మొదటి క్లోన్ గేదె దూడ కొద్ది రోజులకే చనిపోయింది. తర్వాత పుట్టిన గరిమ రెండేళ్లు బతికి గుండె ఆగి పోయింది. గరిమ-2 మాత్రం శుభ్రంగా ఎదిగి 2013లో ఈనింది. కాబట్టి క్లోన్లన్నీ రోగిష్ఠివే అనడం తప్పు. డాలీని పుట్టించిన పొదుగు కణాల నుంచే తర్వాత పుట్టిన నాలుగు గొర్రెలు ముసలితనంలోనూ ఆరోగ్యంగా ఉన్నట్టు 2016లో తేలింది.

పోనీ, బిడ్డ క్షేమంగా పుట్టాడనే అనుకుందాం. 2001లో టెక్సాస్‌లో మూడు రంగుల పిల్లిని క్లోన్ చేస్తే, పుట్టిన కూనకు నారింజ రంగే లేదు. ఆడపిల్లి కణంలో రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి మూసే ఉంటుంది. నారింజ జన్యువు ఆ మూసిన దాంట్లో ఉండిపోయింది. రంగే తిరిగి రానప్పుడు మనిషి ఎలా వస్తాడు? పోయినవాడి ఫోటో పక్కన పెట్టి, వాడిలా నవ్వలేదేమని చూసే ఇంట్లో ఆ బిడ్డ పెరగాలి. తండ్రి కణంతో పుట్టినవాడు కొడుకా, తమ్ముడా అని వరసలు లెక్కపెట్టే చర్చలు నాకు కాలక్షేపంలా అనిపిస్తాయి. టీవీల్లో రక్తబీజుడిలా పుట్టుకొచ్చే హిట్లర్ల గోల సరేసరి.

అసలు ప్రశ్న ప్రయోగానిది. గేదెల్లో ఒక్కో విఫలయత్నమూ ఒక పాఠం. మనుషుల్లో ఆ పాఠం నేర్చుకోవాలంటే చనిపోయే, అవకరంతో బతికే పిల్లలు కావాలి. వాళ్ల సమ్మతి అడిగే వీలే లేదు. అండాలిచ్చే ఆడవాళ్లను అడగవచ్చు గాని, అది ఎలా అడుగుతారో కొరియాలో చూశాం. మానవ పిండాలను క్లోన్ చేసి మూలకణాలు తీశానన్న హ్వాంగ్ వూ-సుక్ పత్రాలు బూటకమని తేలి 2006లో రద్దయ్యాయి. ఆయన వాడింది రెండు వేలకు పైగా అండాలు. ఇచ్చినవాళ్లలో ఆయన కింద పనిచేసే పరిశోధకులూ ఉన్నారు. పై అధికారి అవసరం అది అయినప్పుడు కాదనడం ఎంత కష్టమో ఉద్యోగం చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం క్లోనింగ్‌తో మనిషిని పుట్టించడం నిషిద్ధం. ఆ నిషేధం లేదనుకున్నా, 2021 నాటి సంతాన సాఫల్య చట్టం ప్రకారం ఒక స్త్రీ జీవితంలో ఒక్కసారే, ఏడుకు మించకుండా అండాలివ్వాలి. డాలీ లెక్కన ఒక్క బిడ్డ కోసం నలభై మంది ఆడవాళ్లు రోజూ హార్మోన్ ఇంజెక్షన్లు వేయించుకోవాలి. గర్భాలు మోయడానికి మరో పదమూడు మంది కావాలి.