ఊక తట్ట

చిట్టితల్లికి, తమ్ముడికి తాత ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగావే, "తాతా, 2030 కల్లా యూరప్‌లో 100 ఊళ్ళు కార్బన్ లేకుండా అయిపోతాయని మా మిస్ చెప్పింది. మనం ఊపిరి వదిలినా కార్బనే గదా, ఆ ఊళ్ళో వాళ్ళు ఊపిరి పీల్చరా?" అని. మీ అవ్వ పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంత సూటిగా అడిగే పెద్దవాళ్ళేరీ?

పీల్చవచ్చమ్మా. నువ్వు వదిలేది నువ్వు తిన్న అన్నంలోదే. వరి పైరు గాలిలోంచి తీసుకున్నదాన్ని మళ్ళీ గాలికే ఇస్తున్నావు. గొడవంతా భూమిలోంచి తవ్వి కాల్చే బొగ్గుతో, పెట్రోలుతో.

మన చెరువును తలుచుకో. వాగు నీళ్ళు లోపలికి వస్తాయి, తూములోంచి పొలాలకు పోతాయి. వచ్చేదీ పోయేదీ సమానమైతే మట్టం కదలదు. ఆకాశం కూడా అలాంటి చెరువే. మనం బొగ్గూ పెట్రోలూ కాల్చి వదిలేది వాగు, చెట్లూ సముద్రమూ తాగేది తూము. ఇప్పుడు వాగు ఉధృతంగా ఉంది. చెరువుకైతే ఎక్కువైన నీళ్ళు కలుజు మీద దూకి పోతాయి. ఆకాశానికి కలుజు లేదు. అక్కడ చేరినదాంట్లో కొంత వందల ఏళ్ళు అక్కడే ఉంటుంది. అందుకని ఊరు వదిలేది బాగా తగ్గించుకోవాలి, తగ్గించలేని కాస్తా మళ్ళీ పీల్చుకునేట్టు చూసుకోవాలి. మీ మిస్ చెప్పింది అదే.

చెరువంటే ఒకటి గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు వానలకు ముందు ఇంటికొక మనిషి పలుగూ పారా పట్టుకుని కట్ట మీదికి పోవాలి. ఆ పద్ధతిని కుడిమరామత్తు అనేవాళ్ళు. మా పిలకాయలకు మట్టి తట్టలు అందించే పని. ఒక ఏడు కట్టకు అవతలి పక్క నీళ్ళు ఊరడం మొదలైంది. పట్నం నుంచి ఒకాయన వచ్చి, టేపు పెట్టి కొలిచి, కాగితం మీద గీసి, నీళ్ళు వచ్చేచోట మట్టి కొట్టించి పోయాడు. మూడో రోజుకు దాని పక్కనే మళ్ళీ ఊట.

చెరువు నీళ్ళ బాగోగులు చూసే మా నీరుకట్టు తాత నాచేత ఒక తట్టెడు ఊక మోయించుకుని, చెరువు లోపలి వైపు దిగాడు. గుప్పెడు గుప్పెడు నీళ్ళ మీద చల్లుతూ నడిచాడు. ఊక అలల మీద ఊరికే తేలుతోంది. ఒకచోట మాత్రం గుండ్రంగా తిరగడం మొదలెట్టి, సన్నటి సుడిలోకి జారిపోయింది. "ఇదిగో, ఎండ్రకాయ బొరియ," అన్నాడు. ఊట కనబడిన చోటికి ఎదురుగా కాదు, పది బారల అవతల! నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. పట్నం ఆయన్ని తప్పుపట్టను, ఆయన కొలత సరైనదే. తాతను అడగలేదు, అంతే.

ఊరు పొగ తగ్గించడమూ ఇలాంటిదే. మీ అమ్మ రోజూ బండి మీదే వెళ్తుంది గదా. బండి పొగ బయటికి కనబడే ఊట. బస్సులు కొంటే ఆగిపోతుందనుకుంటారు. కానీ బస్టాపు నుంచి ఆఫీసు దాకా దారిలో ఒక్క చెట్టు లేదు, రాత్రి లైటు లేదు. బొరియ అక్కడుంది. అది మీ అమ్మకే తెలుసు.

యూరోపియన్ యూనియన్ వాళ్ళు 2022 ఏప్రిల్‌లో ఆ 100 ఊళ్ళను, బయటి దేశాలవి ఇంకో 12ను ఎంచి, ఊరి జనాన్నీ వ్యాపారులనూ కలుపుకుని ఒక ఒప్పందం రాసుకోమన్నారు. మన దేశం పెట్టుకున్న గడువు 2070. అప్పటికి నీకు నా వయసు వస్తుంది. ఊరి జనాన్ని అడగడమనేది మనకూ కొత్త కాదు. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న ఊళ్ళలో వార్డు కమిటీలు ఉండాలి. మన నెల్లూరు ఆ లెక్క ఎప్పుడో దాటింది. కాగితం మీద ఉన్నది వీధిలోకి రావడమే కష్టం. పొద్దున పదకొండింటికి ఏసీ హాల్లో మీటింగ్ పెడితే చేపలమ్మే ఆమె గంప ఎక్కడ దించి వస్తుంది? 2021 నవంబర్‌లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది. అప్పుడు నీళ్ళు ముందు ఏ సందులోకి వచ్చాయో మ్యాపు కంటే, మంచం మీద మంచం వేసుకుని కూర్చున్న వాళ్ళు బాగా చెబుతారు.

చెరువు పోలిక ఇంకా లాగితే మీ అవ్వ తిడుతుంది. నీకొక పని చెబుతాను. ఈ ఆదివారం మిట్టమధ్యాహ్నం కాదు, కాస్త పొద్దు వాలాక, మూడింటికి, అమ్మతో మీ బస్టాపుకు వెళ్ళు. టోపీ పెట్టుకో. అక్కడ కరెంటు స్తంభం నీడ సన్నగా, పొడుగ్గా పడుంటుంది. ఆ గీత మీదే జనం ఒకరి వెనక ఒకరు నిలబడి ఉంటారు. ఎంతమంది పట్టారో లెక్కపెట్టు. వాళ్ళలో ఒకరిని, చెట్టు ఎక్కడుంటే బాగుంటుందని అడిగి, ఏం చెప్పారో నాకు రాయి.

మీ తాత